ఇద్దరి మోతీ

నాయన పోయాక ఆయన గది సర్దే పని నా మీద పడింది. అమ్మ అంతకు కొన్నేళ్ల ముందే పోయింది. నేనొక్కదాన్నే సంతానం, ఇక వేరే ఎవరొస్తారు? నాయన యూనివర్సిటీలో జియాలజీ చెప్పేవాడు. రిటైరై క్యాంపస్ క్వార్టర్ వదిలి తార్నాకలో ఈ ఫ్లాట్‌కి వచ్చేటప్పుడు బట్టలకన్నా రాళ్లే ఎక్కువ మోసుకొచ్చాడు. అల్మరాలో రాళ్లు, కిటికీ గట్టు మీద రాళ్లు, మంచం కింద రాళ్లు. ఒక్కదానికైనా మెరుగు పెట్టించాడా అంటే లేదు. దుమ్ము మింగి, తుమ్మి తుమ్మి, ఆయన్ని నోరారా తిట్టుకుంటూ మంచం కింది రేకుపెట్టె బయటికి లాగితే, రాళ్ల అడుగున పాత తువ్వాలులో చుట్టిన దువ్వెన ఒకటి దొరికింది. టేకు పిడి, సన్నటి ఇనుప పళ్లు. పళ్ల మధ్య వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది, మోతీవి. నేలమీద అలాగే కూలబడి ఏడ్చాను. నాయన పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు.

మోతీ మా కుక్క. మాదొక్కటే అంటే మాత్రం అబద్ధం. వాడికి ఇద్దరు యజమానులు, రెండిళ్లు. కాకర్ స్పానియల్ జాతి, బంగారు రంగు ఒళ్లు, గిన్నెలో మూతి పెడితే గిన్నె పక్కన కుప్పపడే పొడుగాటి చెవులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే పెద్ద ఆఫీసరొకాయన ఊరు విడిచి వెళ్తూ, తన ఇంట పుట్టిన ఆ కుక్కపిల్లను మల్లేశం మామ చేతిలో పెట్టాడు. మల్లేశం మామ ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. అమ్మానాన్నలు, తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు, రెండు గదుల క్వార్టర్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఆఫీసరు ఇచ్చింది వద్దనలేక, ఇంట్లో ఉంచుకోలేక, చంకలో కుక్కపిల్లతో తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటల్‌కు వచ్చి కూర్చున్నాడు. ఆదివారం పొద్దున అక్కడ నాయనా ఆయనా ఒకే బల్ల దగ్గర టీ తాగేవాళ్లు. పేపరు పంచుకుని చదవడంతో మొదలైన స్నేహం అది. "పదిహేనొద్దులు మీ కాడ, పదిహేనొద్దులు మా కాడ ఉంటది సారూ. ఏమంటరు?" అన్నాడట. అడవి లాంటి పెరడున్న క్వార్టర్ మాది. నాయన సరేనన్నాడు. కుక్క జాతి కాగితాల మీద ఇద్దరి పేర్లూ ఎక్కించారు.

అప్పట్నుంచి ఆదివారం విడిచి ఆదివారం ఆ హోటల్ ముందే అప్పగింతలు. నేనూ నాయన వెంట వెళ్లేదాన్ని. నా ఉస్మానియా బిస్కెట్‌లో సగం మోతీది. మల్లేశం మామ లూనా ముందు గోనెసంచి పరిచి వాడిని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. ఆ బండి చప్పుడు చౌరస్తా అవతల వినబడితే చాలు, మా పదిహేను రోజుల చివర మోతీ తోకతో పాటు నడుమంతా ఊపేసేవాడు. టీ అయ్యేదాకా ఇద్దరూ వాడి సంగతులే చెప్పుకునేవాళ్లు. ఏం తిన్నాడు, ఎవర్ని చూసి మొరిగాడు, ఎక్కడ దొర్లాడు. కూతురి కాపురం సంగతులు మాట్లాడుకునే వియ్యంకుల్లా ఉండేది వాళ్ల వాలకం. అమ్మ ఇంట్లో మూతి విరిచేది. "నా గురించి ఎప్పుడన్నా ఇంతసేపు మాట్లాడినారా మీరు?" అని.

ఇద్దరినీ పక్కపక్కన చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. నాయనది అనంతపురం పక్క పల్లెటూరు. చొక్కాకి ఇస్త్రీ అంటే ఏమిటో తెలియదు. నూనె ఎరగని జుట్టు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండేది. పెళ్లికి పిలిచినా, కాన్వొకేషన్‌కి పిలిచినా అదే అవతారం. "ఉన్నది ఉన్నట్టుంటే ఏం పోతుందే?" అని అమ్మ నోరు మూయించేవాడు. మల్లేశం మామ అలా కాదు. వర్క్‌షాపు నుంచి రాగానే చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, సబ్బుతో మళ్లీ కడుక్కుని, గంజి పెట్టిన తెల్ల అంగీ తొడుక్కునేవాడు. సన్నగా కత్తిరించిన మీసం, అద్దంలా పాలిష్ పట్టిన బూట్లు, పై జేబులో మడత నలగని తెల్ల దస్తీ. ఆయన వస్తే ముందు కొబ్బరినూనె, పౌడరు కలిసిన వాసన వచ్చేది. నాకైతే మహా ఇష్టంగా ఉండేది ఆ వాసన.

మా వంతు పదిహేను రోజులూ మోతీ దొరతనమంతా పెరటిపాలు. పొద్దున్నే నాయన వెంట క్యాంపస్‌లోని రాతిగుండ్ల మీదికి ఎక్కేవాడు, పొదల్లో దూరేవాడు, కౌజుపిట్టల్ని లేపి వాటి వెనక పిచ్చిపట్టినట్టు పరిగెత్తేవాడు. ఇంటికొచ్చేసరికి చెవుల నిండా పల్లేరుకాయలు, పొట్ట కింద బురద, తోకకి ఎండు తుమ్మకొమ్మ. మెట్ల మీద కూర్చుని నాయన ఒక్కొక్క పల్లేరుకాయనే వేళ్లతో తీసేవాడు. దువ్వెన ముట్టుకునేవాడు కాదు. ఆదివారం నాకు కుంకుడురసంతో తలంటి, మిగిలిన రసంతో అమ్మ మోతీకి తలంటేది. బట్టలుతికే బండ మీద నిలబెట్టి రుద్దుతుంటే నాకన్నా వాడే బుద్ధిగా నిలబడేవాడు. తడిసిన కుక్క వాసన, కుంకుడు నురగ, వంటింట్లోంచి ఊరిబిండి కోసం వేయిస్తున్న వేరుశనగల వాసన, ఇవన్నీ కలిపితే నా చిన్నప్పటి ఆదివారం. రాత్రి రాగిసంకటి ముద్దలో బొక్కల పులుసు కలిపి పెడితే గిన్నె నాకి నాకి గోడదాకా తోసుకుపోయేవాడు.

లాలాగూడలో వాడిది వేరే జన్మ. సెలవుల్లో నేనూ వాడితో పోయి అక్కడ ఉండేదాన్ని. మల్లేశం మామ భార్య సత్తెమ్మత్త నన్ను బిడ్డా అంటూ కడుపులో పెట్టుకునేది. పొద్దున షిఫ్టు సైరన్ మోగకముందే మామ గడప మీద పాత దుప్పటి పరిచి మోతీని నిలబెట్టి దువ్వేవాడు. వర్క్‌షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో పన్నూ తానే అరగదీసి చేసుకున్నదే ఆ టేకు పిడి దువ్వెన. తల నుంచి తోకదాకా, మళ్లీ చెవులు, మళ్లీ కాళ్ల వెంట్రుకలు. చెవి తిరగేసి లోపలి వెంట్రుకలు చిన్న కత్తెరతో తీసేవాడు. అన్నం తినేటప్పుడు చెవులు తడవకుండా సత్తెమ్మత్త పాత చీరపేలికతో తల చుట్టూ కట్టేవాళ్లు. అందరూ ముసలమ్మ ముసలమ్మ అని వాడిని ఏడిపించేవాళ్లు. పని అయిపోయాక మామ దువ్వెన పళ్లలోని వెంట్రుకలన్నీ లాగి, ఉండచుట్టి పారేసి, గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకునేవాడు. ఒక్కటి మిగిలినా ఊరుకునేవాడు కాదు. "మైల దువ్వెనతోటి దువ్వితె సాఫ్ అయితదా బిడ్డా?" అనేవాడు.

ఇంకేముంది, ఒకరు కట్టింది ఇంకొకరు కూల్చడం. పట్టుకుచ్చులా మెరిసే కుక్కను మామ అప్పగించేవాడు, రెండు వారాలకి నాయన గోనెసంచి లాంటి కుక్కను తిరిగిచ్చేవాడు. "ఏంది సారూ, గింత జులుమా? చెవులు సూడుండ్రి, జడలు కట్టినయ్!" అని మామ నెత్తి కొట్టుకునేవాడు. "వాడు పిట్టల్ని లేపే కుక్కప్పా. పొదల్లో తిరగాలని పుట్టినాడు. బీరువాలో పెట్టే చీరనా వాడు?" అని నాయన. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కూడా పక్షాలు కట్టేవాళ్లు. హోటల్ యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచే తీర్పులిచ్చేవాడు. అందరం నవ్వుకునేవాళ్లం. అది నవ్వులాటే అనుకున్నాం, ఖర్మ.

చలికాలంలో నగరంలో కుక్కల షోలు జరిగేవి. కాగితాలున్న కుక్కను ఊరికే పెట్టుకోవడమేమిటని మామే మొదలుపెట్టించాడు. తాడు కట్టిన గిరిలో మోతీని పట్టుకుని నడిచే పని నాయనది, ఎందుకంటే నాయన పక్కన వాడు కుదురుగా నిలబడేవాడు. మామ తాడు బయట నిలబడి గుడ్లప్పగించి చూసేవాడు. మొదటి రెండు షోలూ మా వంతులో పడ్డాయి. నాయన కుంకుడుకాయతో కడిగించి, పల్లేరుకాయలు తీసేసి, ఉన్నవాణ్ని ఉన్నట్టు తీసుకుపోయాడు. రెండింట్లోనూ మోతీకే సర్టిఫికెట్ వచ్చింది. వాడి నడక అలాంటిది మరి. రెండోసారి మాత్రం జడ్జి నాయన చెవిలో ఒక మాట వేశాడు. కుక్క బాగుంది, తయారు చేయడమే బాగాలేదు, వచ్చేసారి ఇలా తెస్తే కష్టం అని. నాయన భుజాలెగరేశాడు. మామకు ఆ మాట ముల్లులా దిగింది. ఇంకొక్క సర్టిఫికెట్ వస్తే మోతీ ఛాంపియన్. లాలాగూడ క్వార్టర్ల వరసలో ఎవరింట్లోనూ ఛాంపియన్ అనే మాట అడుగుపెట్టలేదు. మామ ఆ ఏడాదంతా దానిమీదే బతికాడు.

మూడో షో మామ వంతులో పడింది. ఆ పొద్దున అమ్మా నేనూ నాయనా తిన్నగా మైదానానికి వెళ్లాం. మామ వైపు నుంచి సత్తెమ్మత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది. పిల్లలందరికీ కొత్తబట్టలు. వర్క్‌షాపు స్నేహితులు దండుగా దిగారు. కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచి, దానిమీద మోతీని నిలబెట్టి ఉన్నాడు మామ. ఆయన మొహం చూడాలి, పెళ్లికొడుకు తండ్రి కూడా అంత వెలగడు. నేను మోతీని వెంటనే పోల్చుకోలేకపోయాను. తల మీద, గొంతు కింద మిషన్ పెట్టి గీకేశారు. చెవుల వెంట్రుకలు ఇస్త్రీ చేసినట్టు వేలాడుతున్నాయి. రొమ్ము మీద, కాళ్ల మీద పౌడరు. మూతికి ఒక్క మీసం లేదు. నన్ను చూసి తోక ఊపాడు గాని, కుర్చీ దిగి రాలేదు. దిగొద్దని నేర్పినట్టున్నారు.

"ఎట్లున్నడు సారూ? జర చెప్పుండ్రి. నవాబు లెక్క లేడా?" అన్నాడు మామ.

నాయన దగ్గరికి పోయి మోతీ మూతిని చేత్తో పట్టుకున్నాడు. "మీసాలేమైనాయప్పా?"

"తీసేషిన. షోల అందరు తీస్తరు సారూ. మొఖం సాఫ్ కనబడాలె గద."

"కుక్కకు మీసాలు మనకు వేళ్ల మాదిరి. వాటితోనే తడుముకుంటాది. వేళ్లు నరికి ఉంగరం తొడుగుతావా నువ్వు?"

మామ మొహంలో వెలుగు సగం తగ్గింది. అయినా నవ్వుతూనే, "గియ్యాల ఒక్కరోజు సారూ. మళ్ల మొలుస్తయి," అన్నాడు. ఇంతలో కాకర్ స్పానియల్ తరగతిని పిలిచారు. నాయన పట్టీ అందుకున్నాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం. ఒక చుట్టు నడిపించాడు. జడ్జి చెప్పగానే మోతీని బల్లమీదికి ఎక్కించాడు. జడ్జి వంగి మూతి పట్టుకోబోయేసరికి మోతీకి తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, తెరలు తెరలుగా. తుమ్మినప్పుడల్లా రొమ్ము మీంచి పౌడరు పొగలా లేచింది. చుట్టూ జనం గొల్లుమన్నారు. నాయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆయన మోతీని బల్లమీంచి ఎత్తి చంకన పెట్టుకుని, ఈ కుక్కను నేను చూపించలేనని జడ్జికి ఇంగ్లీషులో చెప్పేసి, తాడు దాటి బయటికి వచ్చేశాడు.

"సారూ, ఏం జేస్తున్నరు సారూ? లోపలికి పోండ్రి, దండం పెడ్త!" మామ ఎదురొచ్చి నిజంగానే చేతులు జోడించాడు.

"వీడు గెలిస్తే గెలిచేది నీ కత్తెర. నాకు అక్కర లేదు ఆ గెలుపు. వీడు మన మోతీ కాదు, నువ్వు చేసిన బొమ్మ!"

అందరి ముందూ అన్నాడు. సత్తెమ్మత్త ముందు, పిల్లల ముందు, వర్క్‌షాపు వాళ్ల ముందు. అమ్మ చేయి పట్టి లాగుతున్నా ఆగలేదు. మామ చేతులు మెల్లగా దించాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తు.

"సారూ, మీ అంగి నలిగినా మీరు ప్రొఫెసరే. జుట్టు లేచినా ప్రొఫెసరే. పెద్దమనిషి, ఉషారైన మనిషి అంటరు. మా అంగి నలిగితే గేటుకాడనే ఆపుతరు. ఉన్నది ఉన్నట్టు ఉండుడు మీకు నడుస్తది, మాకు నడ్వది. నా బిడ్డను పదిమంది ముందట నిలవెట్టేటప్పుడు మంచిగ చేసుకున్న. గదే నా తప్పా?"

మామ జేబులోంచి దువ్వెన తీసి నాయన చేతిలో పెట్టాడు. "ఉంచుకోండ్రి మీ మోతీని," అని తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. కొత్తబట్టల పిల్లలు ఆయన వెనక వరసగా నడుస్తూ, మోతీ వైపు తిరిగి తిరిగి చూశారు. అటు పోవాలని మోతీ నాయన చంకలో గింజుకున్నాడు.

మామ చెప్పింది అప్పుడు నాకు అర్థం కాలేదు. నాయన పక్షమే నాది, ఎందుకంటే మీసాలు లేని ఆ మూతిని చూసి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు నేనూ నాయనంత దాన్నయ్యాక తెలుస్తోంది, ఆ రోజు ఇద్దరూ ఒక్క కుక్క గురించే మాట్లాడుకోలేదు. మామ చిన్నప్పట్నుంచీ ఎవరెవరు గేట్ల దగ్గర ఆపారో, ఎవరి ముందు మాసిన చేతులు వెనక దాచుకున్నాడో, అదంతా ఆ పౌడరులో ఉంది. నాయనకు అది కనబడలేదు. ఇస్త్రీలేని చొక్కా వేసుకోవడం కూడా ఒక సిరి అని, అందరికీ అది కుదరదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పిన ఒక్కాయన్నీ ఆయన పోనిచ్చాడు. అలాగని మోతీని ఒక బొమ్మలా కుర్చీమీద నిలబెట్టడం సబబా అంటే, అదీ కాదు. వాడికి తుమ్ములొచ్చాయి, ఆ మాట ఎవరు కాదనగలరు?

ఆ తర్వాతి ఆదివారం పొద్దున మోతీ గేటు దగ్గర కూర్చున్నాడు. పిలిచినా రాలేదు, తిండి పెట్టినా ముట్టలేదు. దూరంగా ఏదో లూనా చప్పుడైతే లేచి నిలబడ్డాడు, బండి దాటిపోయాక మళ్లీ కూర్చున్నాడు. ఆ ఆదివారమే కాదు, ఏడాది పొడుగునా అంతే. నాయన వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. హోటల్‌కు పోవడం మానేశాడు. "పోయి పలకరించి రాకూడదా? మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని అమ్మ రోజూ పోరేది. "వస్తాడులే. కోపం తగ్గితే వాడే వస్తాడు" అనేవాడు. తప్పు తనదని ఆయనకి తెలుసు. తెలిసినా గడప దాటలేని మొండితనం ఆయనది, ఆ బండల మధ్య తిరిగి తిరిగి బండబారిపోయాడు.

వానాకాలం వెళ్లాక మోతీ తల ఒక పక్కకి వాల్చి, చెవి గీరుకుంటూ, నేలకేసి రుద్దుకుంటూ మూలగడం మొదలుపెట్టాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే లోపల్నుంచి గడ్డిముల్లు తీశాడు. అప్పటికే చీము పట్టి ఆ చెవి పాడైంది. చెవిలోపలి వెంట్రుకలు ఎప్పటికప్పుడు తీయించరా, ఈ జాతికి ఇది తప్పదని మీకెవరూ చెప్పలేదా అని డాక్టరు కేకలేశాడు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. లాలాగూడ గడప మీద మామ చెవి తిరగేసి పట్టుకునే చిన్న కత్తెర మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చిందనుకుంటాను. ఆ తర్వాత నుంచి లూనా చప్పుడు మోతీకి ఒక్క చెవితోనే వినబడేది.

మరుసటి ఏడు నేను చదువుకని వరంగల్ హాస్టల్‌కు పోయాను, ఆ వెనక పెళ్లి, ఉద్యోగం. మోతీ ముసలివాడై నిద్దట్లోనే పోయాడని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెరట్లో పారిజాతం చెట్టు కింద పూడ్చారట. మామకు కబురు చేశారా అంటే అమ్మ ఫోన్ పెట్టేసింది. తార్నాకకీ లాలాగూడకీ మధ్య ఏముంది, నడిచి వెళ్లొచ్చు. ఆ కాస్త దూరాన్ని ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా దాటలేదు. కూరగాయల దగ్గర, బ్యాంకులో, బస్‌స్టాపులో ఎదురుపడి తలలు తిప్పుకునేవాళ్లని విన్నాను. ఇలాంటివి విన్నప్పుడు మగవాళ్ల పౌరుషాన్ని పొయ్యిలో పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు మా ఫ్లాట్ల కిందే కుక్కల పార్లర్ వెలిసింది. అద్దాల వెనక కుక్కలు బల్లలమీద నిలబడి ఉంటాయి, మెడకి పట్టీ, పైన హెయిర్ డ్రయ్యర్ హోరు. జుట్టుకి రిబ్బన్లు, గోళ్లకి రంగు, ఒళ్లంతా ఏదో పళ్ల సువాసన. షోలో గెలవడానికి కాదు, ఫోన్లో ఫొటో కోసం. ఈ ముస్తాబుల పిచ్చి మనుషుల్ని మాత్రం వదిలిందా? నాయన శవాన్ని పెట్టిన అద్దాల పెట్టె తెచ్చినవాళ్లు నన్ను అడగనైనా అడగలేదు. నేను అవతల ఫోన్లలో మునిగి ఉంటే, వాళ్ల అలవాటు కొద్దీ ఆయన మొహానికి పౌడరు దట్టించి, జుట్టుకు నూనె రాసి పక్కపాపిడి తీసి, పెట్టెలో పడుకోబెట్టేశారు. ఎంత బాగా తయారు చేశారో, నిద్రపోతున్నట్టున్నారు అని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ తల ఊపాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది గాని, ఏమిటో పట్టుకునే స్థితిలో లేను.

మధ్యాహ్నం అవుతుండగా గుమ్మంలో ఒక ముసలాయన బూట్లు విప్పి, జతగా సర్ది పెట్టి లోపలికొచ్చాడు. గంజి పెట్టిన తెల్ల అంగీ. రంగేసిన సన్నటి మీసం. చేతిలో కర్ర. కొబ్బరినూనె, పౌడరు కలిసిన వాసన. చౌరస్తాలో ఎవరో చెప్పుకుంటుంటే విని వచ్చాడట. నన్ను పోల్చుకుని తలమీద చేయి వేశాడు. పెట్టె దగ్గరికి పోయి వంగి చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఎవలు జేసిండ్రు బిడ్డా గిది?"

"పెట్టె తెచ్చినవాళ్లు, మామా."

"సారుకు గిట్ల పసంద్ కాదు గద బిడ్డా. నీకెర్కలేదా? మూత తియ్యుమను."

వాళ్లు కుదరదన్నారు. నేను అరిచాను, తీశారు. మామ పై జేబులోంచి మడత నలగని దస్తీ తీసి, నీళ్లతో తడిపి, నాయన నుదురు తుడిచాడు, బుగ్గలు తుడిచాడు, ముక్కు పక్కన మిగిలిన పౌడరు కూడా వదల్లేదు. తెల్లదస్తీ పౌడరు ముద్దయింది. ఆ తర్వాత నూనె జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, పాపిడి చెరిపి, మెల్లగా రేపాడు. కొంచెం కొంచెంగా జుట్టు లేచి నిలబడింది. లోపల పడుకుని ఉన్నది మా నాయన అని నాకు అప్పుడు తెలిసింది.

"గిప్పుడు మా సారు," అన్నాడు మామ. అని, పెట్టె అంచు పట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

దువ్వెన దొరికాక నేనే లాలాగూడ వెళ్లాను. రిటైరయ్యాక సందులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. సత్తెమ్మత్త చెవులు వినబడక నన్ను పట్టుకుని గట్టిగట్టిగా మాట్లాడింది, టీ పెట్టింది. తువ్వాలు విప్పి దువ్వెన మామ చేతిలో పెట్టాను. "సారు కాడనే ఉన్నదా!" అని ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మోతీ ఆదివారం ఆదివారం గేటు దగ్గర కూర్చునేవాడని చెప్పాను. చెవి సంగతి కూడా చెప్పాను, దాచలేకపోయాను. ఆయన కిటికీలోంచి సందులోకి చూశాడు.

"నేను గూడ పోయిన బిడ్డా, హోటల్‌కు. మస్తు ఆదివారాలు పోయిన. గదే బల్ల కాడ కూసున్న. సారు రాలే. ఇంటికి రానీకె నాకు మొఖం చెల్లలే."

ఒకరు ఇక్కడ వరండాలో పేపరు వెనక, ఒకరు అక్కడ హోటల్ బల్ల దగ్గర, మధ్యలో గేటు దగ్గర ఒంటి చెవితో వాడు. అయ్యో దేవుడా, ఏం చెప్పను నేను! టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

మామ అలవాటు కొద్దీ దువ్వెన పళ్లలోని వెంట్రుకలు లాగబోయాడు. వేళ్లు ఆగిపోయాయి. కళ్లద్దాలు పెట్టుకుని, దువ్వెనను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు.

"ఆ దినం పొద్దుగాల సాఫ్ జేసే జేబుల పెట్టుకున్న బిడ్డా. ఒక్క ఎంటిక లేకుండె. మరి గివ్వెక్కడియి?" అన్నాడు. ఇంకా దగ్గరగా చూశాడు. "సూడు, తెల్లయి గూడ ఉన్నయ్. వాడు ముసలోడయినంకయి గివి."

అప్పుడు నాకూ కనబడ్డాయి. బంగారు వెంట్రుకల మధ్య తెల్లటివి. పల్లేరుకాయ తీయడానికి కూడా దువ్వెన ముట్టని మనిషి, నేను హాస్టల్‌లో ఉన్నన్నాళ్లూ, అమ్మకు కూడా తెలియనీయకుండా కాబోలు, ఈ దువ్వెనతో వాడిని దువ్వుతూనే ఉన్నాడు. వాడి మూతి నెరిసేదాకా దువ్వాడు.

"దువ్విండు," అన్నాడు మామ. "సారు దువ్విండు బిడ్డా." కళ్లద్దాల కిందినుంచి నీళ్లు జారి తెల్ల అంగీ మీద పడుతున్నా తుడుచుకోలేదు. ఇటివ్వు మామా, వెంట్రుకలు తీసి శుభ్రం చేసిస్తాను అని చేయి చాచాను. ఆయన దువ్వెనను గుండెకి దగ్గరగా లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి," అని, దాన్ని సాఫ్ చేయకుండానే నాయన తువ్వాలులో చుట్టాడు.